మొదటి బైక్: గాజువాక నుంచి రుషికొండ దాకా రోజూ తిరగాలి. ఏది కొనాలి, ఎలా నేర్పించాలి?

గాజువాక_అక్క:

నమస్తే అండి. మా తమ్ముడికి 22 ఏళ్లు. రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల చేరాలి. ఇల్లు వైజాగ్ గాజువాకలో. అంటే రోజూ హైవే మీద షీలానగర్, ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక దాటుకుని ఎండాడ దాకా పోయి, అక్కడ కుడికి తిరగాలి. రానూపోనూ యాభై కిలోమీటర్ల పైమాటే.

వాడికి స్కూటీ వచ్చు, అదీ కాలనీ సందుల్లోనే. గేరు బండి ఇంకా చేతికి రాలేదు. మొన్ననే ఎల్ఎల్ఆర్ తీశాం. ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, బరువు 56 కిలోలు. మనసంతా 350 సీసీ బండి మీదే ఉంది. అది కాకపోతే 200 సీసీ స్పోర్ట్స్ బండి అంటున్నాడు. మేం మొత్తం లక్షా డెబ్భై వేల దాకా పెట్టగలం, హెల్మెట్ గట్రా అన్నీ అందులోనే రావాలి.

ఏ బండి కొనాలి? హెల్మెట్ ఎలా చూసి తీసుకోవాలి? ఆ హైవే మీదకి వదిలే ముందు వాడికి ఏమేం వచ్చి ఉండాలి? "జాగ్రత్తగా వెళ్లమను" అని అందరూ చెబుతున్నారు, జాగ్రత్త అంటే చేతులూ కాళ్లూ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పడం లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కొమ్మాది_రైడర్:

మంచి ప్రశ్న అమ్మా. ముందు బండి సంగతి చూద్దాం.

మొదటి బండి ఎంచుకునేటప్పుడు అది ఎంత వేగం పోతుందన్నది చివర చూడాలి. మనం దాన్ని ఆపగలమా, పట్టుకోగలమా, ఒరిగితే నిలబెట్టగలమా అన్నది ముందు చూడాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. హంటర్ 350 కాస్త నయం, 181 కిలోలు, 790 మిల్లీమీటర్లు. 56 కిలోల మనిషి తనకి మూడు రెట్ల పైన బరువున్న బండిని ట్రాఫిక్‌లో మునివేళ్ల మీద ఆపుకోవాలన్నమాట. బండి నిటారుగా ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. అది పది డిగ్రీలు ఒరిగి, అదే వైపు రోడ్డు పల్లంగా ఉండి, కాలు గుంతలో పడిందంటే ఇక చేతులతో ఆపలేరు. కొత్తవాళ్లు ఎక్కువగా పడేది వేగం మీద కాదు. సిగ్నల్ దగ్గర, యూటర్న్‌లో, పార్కింగ్‌లో పడతారు. దెబ్బ చిన్నదే కావచ్చు, వెనుక వచ్చే వాహనం చిన్నది కాకపోవచ్చు.

200 స్పోర్ట్స్ బళ్ల ఇబ్బంది వేరే. వాటి పవర్ 25 పీఎస్‌కి (హార్స్‌పవర్ లాంటి కొలత) అటూ ఇటూ ఉంటుంది. మామూలు 125కి 11 పీఎస్ చుట్టుపక్కల. కొత్తలో ప్రతివాళ్లూ చేసే పొరపాటు ఒకటుంది: బండి గుంతలో కుదుపు తిన్నప్పుడు చెయ్యి బిగుసుకుని యాక్సిలరేటర్ తెలియకుండానే తిరిగిపోతుంది. 125 ఆ పొరపాటుకి కొంచెం ముందుకి గెంతుతుంది. 200 అయితే ముందున్న ఆటోలోకి తీసుకెళుతుంది.

మీ తమ్ముడి ఎత్తుకీ ఆ దారికీ 125 సరిపోతుంది. హోండా షైన్ 125, ఎస్‌పీ 125 దాదాపు 115 కిలోలు, టీవీఎస్ రైడర్ 125 అయితే 123. సీటు ఎత్తు అన్నిటికీ 780, 790 ప్రాంతం. ఇంకాస్త పెద్ద బండే కావాలంటే యమహా ఎఫ్‌జెడ్ 150 చూడండి. 135 కిలోలు, టైర్లు వెడల్పు, కూర్చునే తీరు నిటారుగా ఉంటుంది.

బ్రేకుల దగ్గర మాత్రం రాజీ పడొద్దు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. 125, అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ ఉంటుంది. సీబీఎస్ అంటే వెనుక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది, కానీ చక్రం బిగుసుకుపోకుండా అది ఆపలేదు. ఆ పని ఏబీఎస్ చేస్తుంది. 125లోనే ఏబీఎస్ ఉన్న వేరియంట్లు వస్తున్నాయి, హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్‌లో ఉంది. ముందు చక్రానికి మాత్రమే పనిచేసే సింగిల్ చానల్ ఏబీఎస్ ఉన్నా చాలు. కనీసం ముందు డిస్క్ బ్రేకు ఉన్న వేరియంట్ తీసుకోండి. రెండు చక్రాలకీ డ్రమ్ ఉన్నది ఈ హైవేకి తీసుకోవద్దు, నాలుగైదు వేలు మిగులుతాయని చూసుకోవద్దు.

షోరూమ్‌లో ఫొటో దిగడం తరువాత, ముందు ఈ పనులు చేయించండి. ఆఫీసుకి వేసుకునే బూట్లతోనే ఎక్కి కూర్చోమనండి. రెండు పాదాల ముందు భాగమైనా పూర్తిగా నేలకి ఆనాలి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో, కూర్చునే వెనక్కి పది అడుగులు నెట్టమనండి. దిగి సెంటర్ స్టాండ్ ఒక్కడే వెయ్యాలి. ఇందులో ఏదైనా కష్టపడితే ఆ బండి అతనికి కాదు.

ఎన్ఏడీ_350:

కొమ్మాది అన్నతో ఒక్క విషయంలో నేను ఏకీభవించను. హైవే మీద 125 తేలిక. పక్కనుంచి ట్రాలీ లారీ దూసుకుపోతే ఆ గాలికి ఊగుతుంది. బీచ్ రోడ్డులో సముద్రం గాలికి కూడా పక్కకి నెట్టేస్తుంది. 350 అయితే బరువుకి కదలదు. పైగా రెండేళ్లు పోయాక ఎలాగూ మారుస్తారు, అప్పుడు అమ్మితే సగం డబ్బే వస్తుంది. ఒకేసారి కొనుక్కుని నెమ్మదిగా నడుపుకోవచ్చు కదా?

కొమ్మాది_రైడర్:

గాలి సంగతి నిజం, కాదనను. దానికి పరిష్కారం లారీ పక్కన ఎక్కువసేపు నడపకపోవడం, హ్యాండిల్ మీద చేతులు వదులుగా ఉంచుకోవడం. బిగించి పట్టుకుంటేనే ఊగుడు ఎక్కువవుతుంది. మోకాళ్లతో ట్యాంకుని నొక్కి పట్టుకుంటే బండి మనిషితో పాటు నిలబడుతుంది.

నెమ్మదిగా నడుపుకోవచ్చు అన్నది 350లో అంత తేలిక కాదు. బరువు బండి వేగం మీద హాయిగా ఉంటుంది, కష్టపెట్టేది నెమ్మదిలోనే. గాజువాక జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి నడక వేగంలో అరగంట ఈడ్చాలంటే క్లచ్ చేతికి ఎంత పని పెడుతుందో మీకే తెలుసు. అమ్మకం నష్టం విషయానికొస్తే, షైన్, స్ప్లెండర్ లాంటివి వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్‌కి తొందరగా పోతాయి. రెండేళ్ల తరువాత అమ్మి, నేర్చుకున్న చేత్తో 350 కొనుక్కుంటే అప్పుడు ఆ బండిని నిజంగా ఆనందిస్తాడు. ఇంకోటి, ఇప్పుడు 350 కొంటే వీళ్ల బడ్జెట్ అంతా బండికే అయిపోతుంది. హెల్మెట్ దగ్గరకి వచ్చేసరికి ఎనిమిది వందల టోపీ కొంటారు.

సాగర్‌నగర్_విజర్:

హెల్మెట్ గురించి నేను చెబుతాను. ఇక్కడే ఎక్కువ మోసం జరుగుతుంది, ఎక్కువ అశ్రద్ధా ఇక్కడే.

2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ తయారు చెయ్యడం, అమ్మడం నేరం. అయినా రోడ్డు పక్క కుప్పలు పోసి అమ్ముతున్నారు, కొన్నిటి మీద ఐఎస్ఐ స్టిక్కర్ ఊరికే అంటించి ఉంటుంది. నిజమైనదానికి ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని ఒక లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, లైసెన్సు నడుస్తోందో లేదో చూపిస్తుంది. దుకాణంలో నిలబడే చూసుకోండి.

సైజు. దర్జీ టేపుతో కనుబొమ్మలకి ఒక వేలు పైగా, చెవుల మీదుగా తల వెనుక ఎత్తుగా ఉన్నచోట చుట్టి కొలవండి. 58 సెంటీమీటర్లు వస్తే లోపల 58 లేదా 580 అని రాసి ఉన్నది అడగండి. మీడియం, లార్జ్ అన్న పేర్లని నమ్మొద్దు, కంపెనీ కంపెనీకీ మారతాయి. పెట్టుకున్నాక బుగ్గలు లోపలికి నొక్కుకోవాలి. హెల్మెట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం దాంతో కదలాలి. హెల్మెట్ తిరిగి, చర్మం కదలకుండా ఉంటే వదులు. తరువాత పట్టీ పెట్టుకుని, తల వెనుక హెల్మెట్ కింది అంచు పట్టుకుని మీరే ముందుకి లాగి చూడండి. ఊడి వచ్చేస్తే ప్రమాదంలో కూడా అలాగే ఊడుతుంది, ఎంత ఖరీదైనదైనా వద్దు. అన్నీ బాగుంటే పది నిమిషాలు తల మీదే ఉంచుకోమనండి. నుదుటి మీద ఒకేచోట నొప్పి పుడితే ఆ మోడల్ ఆకారం అతని తలకి సరిపోదు, ఇంకోటి చూడాలి. కొత్తది బిగుతుగా ఉంటే భయపడొద్దు, లోపలి స్పాంజి కొన్ని వారాలకి కొంచెం వదులవుతుంది. కొన్నప్పుడే హాయిగా ఉన్నది ఆరు నెలలకి ఊగులాడుతుంది.

ఫుల్ ఫేస్ తీసుకోండి. గడ్డం దగ్గర తెరిచి ఉన్నవి వైజాగ్ ఉక్కపోతకి సుఖంగా ఉంటాయి కానీ పడ్డప్పుడు దవడని కాపాడవు. ఉక్కకి లోపల పల్చని కాటన్ క్యాప్ వేసుకుంటే చెమట కళ్లలోకి రాదు, లైనింగ్ కూడా పాడవదు. విజర్, అంటే ముఖం ముందుండే అద్దం, క్లియర్‌ది ఉండాలి. నల్ల విజర్‌తో రాత్రి షిఫ్ట్ నుంచి వస్తే గుంత కనపడదు. రెండు వేల నుంచి మూడు వేల లోపు మంచి ఐఎస్ఐ ఫుల్ ఫేస్ వస్తుంది.

పట్టీ బిగించకపోతే హెల్మెట్ లేనట్టే లెక్క. గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత సందు, అంతే. కాపాడే పని చేసేది పైన మెరిసే డొప్ప కాదు, లోపల ఉన్న థర్మోకోల్ లాంటి తెల్లటి పొర. అది నలిగి దెబ్బని మింగుతుంది, ఒకసారి నలిగితే మళ్లీ పైకి లేవదు. అందుకే తల లోపల ఉండగా గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పడెయ్యాలి. బండి అద్దానికి తగిలిస్తే ఆ పొరకి సొట్ట పడుతుంది, అది కూడా వద్దు. పెట్రోలు, థిన్నర్ గుడ్డతో తుడవొద్దు. షాంపూ నీళ్లు చాలు.

మిగతావాటికి ఒక పదివేలు పక్కన పెట్టండి. గ్లవ్స్ ముందు, ఎందుకంటే పడేటప్పుడు ఎవరైనా మొదట చెయ్యే ఆనిస్తారు, అరచెయ్యి చర్మం లేస్తే నెలరోజులు అన్నం కూడా కలుపుకోలేరు. తరువాత చీలమండ కప్పే బూట్లు. చెప్పులతో గేరు బండి నడపనివ్వొద్దు. తరువాత మోచేతుల దగ్గరా భుజాల దగ్గరా ప్యాడ్లున్న మెష్ జాకెట్, లోపలికి గాలి ఆడుతుంది. వానకి ప్యాంటూ చొక్కా విడివిడిగా ఉండే రెయిన్ సూట్ కొనండి. దుప్పటిలా కప్పుకునే కోటు గాలికి ఎగిరి వెనుక చక్రంలో పడుతుంది.

వెనుక కూర్చునేవాళ్లకీ హెల్మెట్ ఉండాలి, చట్టం ఇద్దరికీ ఒకటే. మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు సస్పెన్షన్.

ఎనిమిది_ట్రాక్:

అక్కా, మీరు అడిగిన "చేతులూ కాళ్లూ ఏం చెయ్యాలి" అన్నదానికి ఇది.

ముందుగా ఒక మాట. ఎల్ఎల్ఆర్ తీసిన 30 రోజుల తరువాతే లైసెన్సు టెస్టుకి వెళ్లగలరు, ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు పనిచేస్తుంది. ఆ నెల రోజులూ ఆఫీసుకి బస్సులో వెళ్లమనండి. తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ముందూ వెనకా ఉండాలి, వెనుక స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు. నేర్పే లైసెన్సున్న మనిషైతేనే కూర్చోవచ్చు. ఆ నెల రోజులు పొద్దున్నే ఆరింటికి, అనుమతి ఉన్న ఖాళీ గ్రౌండ్‌లో, రోజుకి నలభై నిమిషాలు చాలు. రెండు గంటలు వద్దు, అలిసిపోయిన చెయ్యి తప్పులే నేర్చుకుంటుంది.

మొదటి వారమంతా హాఫ్ క్లచ్. యాక్సిలరేటర్ ముట్టకుండా, క్లచ్‌ని నాలుగు వేళ్లతో మెల్లగా వదులుతూ బండి కదలడం మొదలయ్యే చోటు పట్టుకోవాలి. అక్కడే ఆపి, మళ్లీ నొక్కి, మళ్లీ వదలాలి. బండి అరడుగు ముందుకి వస్తుంది, ఆగుతుంది. ఇది చెయ్యికి అలవాటైతే సగం భయం పోతుంది. తరువాత నడక వేగంలో తిన్నగా ఇరవై మీటర్లు, కాలు కింద పెట్టకుండా. కుడికాలు వెనుక బ్రేకు మీద కొద్దిగా ఆనించి, క్లచ్ సగంలో ఉంచి, యాక్సిలరేటర్ ఒకేలా పట్టుకోవాలి. నెమ్మదిలో బండిని నిలబెట్టేది ఈ మూడూ కలిసి. చూపు చక్రం ముందు కాదు, గ్రౌండ్ చివర.

అది వచ్చాక యూటర్న్, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం. ఆర్టీవో టెస్టులో అడిగేదీ ఇదే. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే బండి లోపలివైపు పడిపోతుంది. తల ముందే తిప్పి బయటికి వెళ్లాల్సిన చోటు చూడాలి. ఎటు చూస్తే బండి అటే పోతుంది, గుంతని చూస్తూ ఉంటే గుంతలోకే పోతుంది.

ఇక అసలైనది బ్రేకు. దీని దగ్గర రెండు వారాలు ఉండండి, తొందరపడొద్దు.

స్కూటీ అలవాటున్నవాళ్లు వెనుక బ్రేకునే నమ్ముకుంటారు, ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడుతుందని పెద్దవాళ్లు కూడా చెబుతారు. జరిగేది ఇది. బ్రేకు పడగానే బండి బరువూ మనిషి బరువూ ముందు చక్రం మీదకి వస్తాయి. వెనుక చక్రం తేలికైపోయి పట్టు తగ్గుతుంది. అందుకే ఆగే శక్తిలో సుమారు డెబ్భై శాతం ముందు బ్రేకుదే. కాకపోతే ఆ బరువు ముందుకి రావడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణం ఇవ్వకుండా లివర్‌ని ఒక్కసారి లాగితే, టైరు మీద బరువు పడకముందే చక్రం బిగుసుకుని జారుతుంది. కాబట్టి రెండు వేళ్లతో ముందు కొద్దిగా నొక్కాలి, ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే షాక్ అబ్జార్బర్ గొట్టాలు) కిందికి దిగడం తెలుస్తుంది, అప్పుడు ఇంకా గట్టిగా నొక్కుతూ పోవాలి. వెనుక బ్రేకు తేలికగా దాంతో పాటు. మోకాళ్లు ట్యాంకుకి, మోచేతులు కొంచెం వంచి, చూపు పైకి. క్లచ్ చివర్లో, బండి ఆగబోతుండగా. ముందే క్లచ్ పట్టేస్తే ఇంజిన్ లాగి పట్టే సాయం పోతుంది.

గ్రౌండ్‌లో ఒక ఇటుక పెట్టి, దాని దగ్గర బ్రేకు మొదలుపెట్టి ఎంత దూరంలో ఆగాడో గుర్తుపెట్టండి. గంటకి 20తో మొదలు, అది ఒకేలా వస్తున్నాక 30, తరువాత 40. ఏబీఎస్ బండి అయితే చివరికి ఒకసారి గట్టిగా నొక్కి, లివర్ దడదడలాడటం చూపించండి. అది తెలియనివాళ్లు ఆ కుదుపుకి భయపడి సరిగ్గా అప్పుడే బ్రేకు వదిలేస్తారు.

ఈ లెక్క కాగితం మీద రాసి అతనికి చూపించండి. చూసి చెయ్యి కదిలేసరికి మామూలుగా ఒక సెకను పడుతుంది. 40లో ఆ సెకనుకి 11 మీటర్లు పోతాం, పొడి రోడ్డు మీద బాగా బ్రేకు వేస్తే ఇంకో 12 మీటర్లు. మొత్తం 23. 60లో ఆ సెకనుకి 17, బ్రేకుకి 28, మొత్తం 45 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆగే దూరం దాదాపు రెండింతలు. తడి రోడ్డు మీద ఇంకా పెరుగుతుంది. అందుకే ముందు వాహనం ఒక కరెంటు స్తంభం దాటాక "వెయ్యిన్నొకటి, వెయ్యిన్రెండు" అనుకునేలోపు మనం ఆ స్తంభం దగ్గరికి చేరకూడదు. వానలో దీన్ని నాలుగు దాకా లెక్కపెట్టాలి.

ఇంకొకటి, 30 దాటాక బండిని తిప్పేది హ్యాండిల్ తిప్పి కాదు. ఎడమకి పోవాలంటే ఎడమ గ్రిప్‌ని ముందుకి నొక్కాలి, బండి ఎడమకి ఒరిగి అటు పోతుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది, గ్రౌండ్‌లో రెండుసార్లు చేస్తే తెలిసిపోతుంది. ఎదురుగా కుక్క వస్తే పక్కకి తప్పించేది దీంతోనే. తప్పించేటప్పుడు బ్రేకు వద్దు. బ్రేకు వేస్తే తిన్నగా ఆపండి, తిప్పితే బ్రేకు వదిలి తిప్పండి.

గాజువాక_అక్క:

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, చాలా థాంక్స్ అండి. తమ్ముణ్ణి కూర్చోబెట్టి చదివించాను. 350 పక్కన పెట్టాడు, 125లో ఏబీఎస్ ఉన్నది చూద్దామంటున్నాడు. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, మా దారిలో ట్రాలీలూ కంటైనర్లే ఎక్కువ, వాటి మధ్య ఎలా? రెండు, లైసెన్సు వచ్చాక అమ్మని సింహాచలం కొండ మీదకి తీసుకెళతానంటున్నాడు. అమ్మ చీరలో ఒకవైపుకే కూర్చుంటుంది.

షీలానగర్_టర్నింగ్:

ట్రాలీల సంగతి నేను చెబుతాను అమ్మా.

పొడవాటి ట్రాలీ ఎడమకి తిరిగేటప్పుడు ముందు తల భాగం దూరంగా, వెడల్పుగా తిరుగుతుంది. వెనుక చక్రాలు ఆ దారిన పోవు, మూలని కోసుకుంటూ లోపలికి వస్తాయి. ముందు ఎడమ పక్కన బస్సంత ఖాళీ కనిపిస్తుంది, బైకు అందులోకి దూరుతుంది, రెండు క్షణాల్లో ఆ ఖాళీ మూసుకుపోతుంది. డ్రైవరు ఎత్తులో ఉంటాడు, ఎడమ తలుపు కింద ఉన్న బైకు అతనికి కనపడదు. షీలానగర్‌లో పోర్టు కనెక్టివిటీ రోడ్డు విడిపోయే చోట కంటైనర్లు తిరుగుతూనే ఉంటాయి. అక్కడ నియమం ఒకటే: ట్రాలీ ఎడమ పక్కకి ఎప్పుడూ చేరకూడదు, ఖాళీ ఎంత ఉన్నా. వెనుక ఆగాలి. వెనుక కూడా దాని అద్దాలు మనకి కనపడేంత దూరంలో. అద్దంలో డ్రైవరు మొహం మనకి కనపడకపోతే మనమూ అతనికి కనపడం.

ఓవర్‌టేక్ చెయ్యాల్సి వస్తే కుడి నుంచి, ముందు రోడ్డు ఖాళీగా ఉందని చూసుకుని, హారన్ కొట్టి, ఆగకుండా దాటిపోవాలి. చక్రాల పక్కన సమానంగా నడపడం అన్నిటికన్నా ప్రమాదం. స్టీల్ కాయిల్స్ వేసుకున్న లారీ వెనుక ఇంకా ఎక్కువ దూరం ఉంచండి.

లారీలు ఆగే చోట్ల రోడ్డు మీద డీజిల్ చుక్కలు పడి ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు నల్లగా, తడిస్తే ఇంద్రధనుస్సు రంగుల్లో మెరుస్తాయి. ఆ మెరుపు మీద బ్రేకూ వద్దు, వంపూ వద్దు. యాక్సిలరేటర్ ఒకేలా ఉంచి తిన్నగా దాటెయ్యాలి. చాలాకాలం తరువాత పడే వానలో మొదటి పావుగంట అన్నిటికన్నా జారుడు, రోడ్డులో ఇంకిన నూనె అంతా పైకి తేలుతుంది. ఆ పావుగంట ఏదైనా బస్‌షెల్టర్‌లో నిలబడమనండి, ఆఫీసు ఎక్కడికీ పోదు.

ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీద ఏ దారి ఎక్కాలో ముందు ఆదివారం పొద్దున్న ఒకసారి చూపించండి. కొత్తవాళ్లు పైన దారి తప్పి ఉన్నట్టుండి ఆగిపోతారు, లేదా రెండు వరసలు అడ్డంగా కోస్తారు. తప్పితే తప్పింది, కిందికి దిగి తిరిగి రావచ్చు. మద్దిలపాలెం, హనుమంతవాక దగ్గర ఆటోలు ఇండికేటర్ లేకుండా ఎడమకి లాగేస్తాయి, బస్సు ఆగగానే దాని ముందు నుంచి మనుషులు పరుగెడతారు. అక్కడ వేగం 30 దాటకుండా, రెండు వేళ్లు బ్రేకు మీద ఉంచాలి.

పోర్టు వైపు వెళ్లాల్సి వస్తే రోడ్డుని దాటే రైలు పట్టాలుంటాయి. ఏటవాలుగా దాటితే టైరు పట్టా గాడిలో పడుతుంది. కొంచెం పక్కకి తీసుకుని, వీలైనంత అడ్డంగా దాటాలి, పట్టా మీద బ్రేకు వద్దు. బీచ్ రోడ్డులో ఇసుక కూడా అంతే, మలుపుల లోపలి అంచున పల్చగా పరుచుకుని ఉంటుంది, రాత్రిపూట రోడ్డు రంగులోనే కలిసిపోతుంది.

ఎనిమిది_ట్రాక్:

అమ్మగారి విషయం. లైసెన్సు వచ్చిన మొదటి మూడు నాలుగు నెలలు ఆమెని కొండకి బస్సులోనే వెళ్లమనండి. ఒకవైపుకి కూర్చుంటే బరువంతా ఎడమకే ఉంటుంది, నెమ్మదిలో బండి అటు లాగుతుంది, కొత్త చేతికి అది చాలా ఎక్కువ. వీలైతే సల్వార్ వేసుకుని రెండు వైపులా కాళ్లు వేసుకోవడం మంచిది. చీరే అయితే సారీ గార్డ్, పాదాలు పెట్టుకునే మెట్టు బిగించి ఉండాలి. కొంగు నడుం చుట్టూ తిప్పి దోపుకోవాలి, జారిన కొంగు చక్రంలో పడితే మనిషిని లాగేస్తుంది. ఎక్కేటప్పుడు తమ్ముడు రెండు కాళ్లూ కింద పెట్టి ముందు బ్రేకు పట్టుకుని, "ఎక్కమ్మా" అన్నాకే ఎక్కాలి.

కొండ దిగేటప్పుడు న్యూట్రల్ వెయ్యకూడదు, ఇంజిన్ ఆపకూడదు. పెట్రోలు కలిసొస్తుందని చాలామంది చేస్తారు. అలా చేస్తే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆగకుండా రుద్దుకుని అవి వేడెక్కుతాయి, డ్రమ్ బ్రేకు అయితే నాలుగో మలుపుకే పట్టు తగ్గిపోతుంది. రెండో గేరులో దిగితే ఇంజినే ఆపి పట్టుకుంటుంది. బ్రేకు మలుపుకి ముందు తిన్నటి దారిలో వేసి, వదిలి, మలుపు తిరగాలి. మలుపులో బస్సు ఎదురైతే అది రోడ్డంతా తీసుకుంటుంది, ముందే ఎడమ అంచుకి ఉండి దారివ్వాలి.

మర్రిపాలెం_మెకానిక్:

బండి తీసుకునే రోజు ఎవరూ చూడనివి కొన్ని చెబుతాను, తమ్ముడు గారికి పనికొస్తాయి.

డెలివరీ అప్పుడు క్లచ్ లివర్ చివర వదులు 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉందో చూడండి. అసలు వదులు లేకపోతే క్లచ్ జారి కాలిపోతుంది, మరీ ఉంటే గేరు గట్టిగా పడుతుంది. వెనుక బ్రేకు పెడల్ ఎత్తు అతని బూటుకి సరిపడేలా అక్కడే సరిచేయించండి. పాదం పైకి ఎత్తాల్సి వస్తే అవసరానికి అందదు. అద్దాల్లో మన భుజం అంచు ఒక్క గీత కనపడాలి, మిగతా అంతా రోడ్డు. బ్రేకు లైటు ముందు లివర్‌కీ వెనుక పెడల్‌కీ విడివిడిగా వెలుగుతోందా చూడండి.

కొత్త టైరు మీద నున్నటి పొర ఉంటుంది, బ్రేకు ప్యాడ్లు కూడా డిస్కుకి కుదరాలి. మొదటి నూట యాభై కిలోమీటర్లు గట్టిగా ఒరగొద్దు, గట్టి బ్రేకు అవసరం రాకుండా నడపండి. బ్రేకు సాధన కూడా ఆ తరువాతే మొదలుపెట్టండి.

గాలి వారానికి ఒకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు. చాలా 125లకి ముందు 25 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), వెనుక ఒక్కరే ఉంటే 28 లేదా 29. ఇద్దరుంటే వెనుక ఎంతో బండిని బట్టి చాలా మారుతుంది, చైన్ కవర్ దగ్గరి స్టిక్కర్ చూడండి. పంక్చర్ షాపువాళ్లు అడగకపోతే రెండిటికీ 35 కొట్టేస్తారు, ముందు టైరు గట్టిపడి తడిలో జారుతుంది.

మన ఊళ్లో ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. రుషికొండ మీద రోజంతా నిలబడే బండికి చైన్ తొందరగా తుప్పు పడుతుంది, కాబట్టి పూర్తి చైన్ కవర్ ఉన్న మోడల్ అయితే మేలు. కవర్‌కి ఉండే రబ్బరు బిరడా తీసి, వేలితో చైన్‌ని పైకీ కిందికీ కదిపితే 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఆడాలి. సరైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిప్పి నాలుగు చోట్ల చూడండి, ఒకచోట బిగుతు, ఒకచోట వదులు ఉంటే చైన్ సాగింది. 500 కిలోమీటర్లకి ఒకసారి, వానాకాలం ఇంకా ముందే, కిరోసిన్ గుడ్డతో తుడిచి చైన్ లూబ్ గానీ 90 గేర్ ఆయిల్ గానీ వెయ్యండి. మీ తిరుగుడికి అది పది రోజులకొకసారి వస్తుంది. పెట్రోలుతో కడగొద్దు. చక్రం చేత్తోనే తిప్పాలి, ఇంజిన్ ఆన్ చేసి గేరులో వేసి తిప్పుతూ గుడ్డ పెట్టేవాళ్ల వేళ్లు స్ప్రాకెట్‌లో (చైన్ తగులుకునే పళ్ల చక్రం) పోతాయి. నూనె టైరు మీద పడితే సబ్బు నీళ్లతో కడిగాకే బయటికి తీయండి.

డిస్క్ కాలిపర్ (ప్యాడ్లతో డిస్కుని నొక్కే భాగం) పిన్నులు కూడా ఉప్పుకి బిగుసుకుంటాయి. గుర్తు ఏంటంటే, బండి దిగి ముందు చక్రం గాలిలోకి లేపి తిప్పితే తిరగకుండా రుద్దుకుంటుంది, లేదా డిస్క్ ఒకవైపే గీతలు పడుతుంది. ఆర్నెల్లకి ఒకసారి పిన్నులు తీసి శుభ్రం చేసి బ్రేకుల గ్రీజు పెట్టించండి, మామూలు గ్రీజు కాదు. సర్వీసుకి ఇచ్చేటప్పుడు "జనరల్ సర్వీస్" అని వదిలెయ్యకుండా ఈ పని పేరు చెప్పి జాబ్‌కార్డులో రాయించండి.